ఒక్కరి ఫోను, ఇంటిల్లిపాది వంట



తిన్నదల్లా ఫోన్‌లో ఎక్కించుకుని, వేసిన అడుగులు లెక్కబెట్టుకుని, బరువు తగ్గాలని చూసేవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తున్నారు. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగులున్నారు, ఈ మధ్యే షుగరు బయటపడిన పెద్దవాళ్లున్నారు, కాన్పు తర్వాత పెరిగిన ఒళ్లు తగ్గాలనుకునే తల్లులున్నారు. యాప్ తెరిచి పప్పన్నం అని కొట్టగానే అది అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత?’ అని. కప్పా, గిన్నా, ఎన్ని గ్రాములు? మనలో చాలామంది అక్కడే ఆగిపోతారు. వండినవాళ్లకు కొంత తెలుసు. తిన్నవాళ్లకు అసలే తెలియదు. ఏదో ఒక అంకె వేసి ముందుకు వెళ్లిపోతారు.

ఈ పనిముట్లు మంచివేనని నా నమ్మకం. ఎందుకు మంచివో, ఎక్కడ మోసపుచ్చుతాయో ఈ పూట వివరంగా చెబుతాను. అన్నిటికంటే ముఖ్యంగా ఒక మాట చెప్పాలని వచ్చాను. యాప్ ఒక మనిషిని లెక్కిస్తుంది. మన ఇళ్లలో వంట మాత్రం ఒక్కరికోసం జరగదు. ఒకే కుక్కరు, ఒకే మూకుడు, ఒకే పోపు. అందువల్ల ఆ లెక్క వంటింట్లో మొదలై ఇంటిల్లిపాదిదీ అయినప్పుడే నిలుస్తుంది. ఒక్కరి ఫోన్‌లో ఉన్నంతకాలం అది నాలుగు వారాల ముచ్చటగానే మిగిలిపోతుంది.

ముందు, ఈ లెక్క మనకెందుకో చూద్దాం. 2019–21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల వయసున్న స్త్రీలలో అధిక బరువున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతానికి పైగా, తెలంగాణలో 30 శాతం. మగవాళ్లలో కూడా రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ముగ్గురిలో ఒకరు అదే స్థితిలో ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన అధ్యయనం 2023లో వెలువడింది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందనీ, మరో 13 కోట్ల మందికి పైగా దాని ముంగిట్లో ఉన్నారనీ అది లెక్క తేల్చింది. ఇందులో మన అన్నలు, వదినలు, మేనమామలు, మనమూ ఉన్నాం. బరువు గురించి మాట్లాడటమంటే అందం గురించి మాట్లాడటం అనుకోవద్దు. ఇది కళ్లకు, మూత్రపిండాలకు, గుండెకు సంబంధించిన సంగతి.

సరే, తిన్నది రాసుకుంటే ఏమొస్తుంది? తిండి విషయంలో జ్ఞాపకాన్ని నమ్మడానికి లేదు కాబట్టి, రాసుకోవడం వల్ల చాలా వస్తుంది. 1992లో న్యూయార్క్ పరిశోధకులు కొందరిని దగ్గరుండి పరిశీలించారు. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని వాపోయేవాళ్లు వాళ్లు. శరీరం నిజంగా ఎంత శక్తి ఖర్చు చేస్తోందో శాస్త్రీయంగా కొలిచి, వాళ్లు చెప్పినదానితో పోల్చారు. తిన్నదాన్ని దాదాపు సగానికి తగ్గించి చెప్పారనీ, చేసిన శ్రమను దాదాపు ఒకటిన్నర రెట్లకు పెంచి చెప్పారనీ తేలింది. వాళ్లను అబద్ధాలకోరులని అనుకోనక్కర్లేదు. మనసు భోజనాన్ని గుర్తుపెట్టుకుంటుంది, మధ్యలో నోట్లో పడినవాటిని వదిలేస్తుంది.

మన ఇళ్లలో ఆ మధ్యలోవి తక్కువేం కాదు. పిల్లలు వదిలేసిన ముద్దలు పారేయలేక అమ్మ తినేస్తుంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని రెండుసార్లు రుచి చూస్తారు. డబ్బాలో జంతికలు వచ్చేటప్పుడొకటి, పోయేటప్పుడొకటి. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు, సాయంత్రం బండి దగ్గర నాలుగు పునుగులు. రోజుకు మూడుసార్లు టీయో కాఫీయో తాగి, ప్రతిసారీ రెండు చెంచాల పంచదార వేసుకుంటే సుమారు 30 గ్రాములు. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే స్వీటు ముక్క ముట్టకుండానే ఆ గీత దాటేశాం. ‘నేను తీపి తినను’ అని చెప్పేవాళ్లకు ఈ సంగతి ఒక్క వారం రాసుకుంటే తప్ప తెలియదు.

రాయడం వల్ల ఫలితం ఉందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. అమెరికాలో దాదాపు 1,700 మందితో జరిగిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. రోజూ తిండి చిట్టా రాసినవాళ్లు, రాయనివాళ్లకంటే రెట్టింపు బరువు తగ్గారు. రాసే ఓపిక ఉన్నవాళ్లకు పట్టుదల కూడా ఎక్కువే ఉండొచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా, రేపు రాయాలని తెలిసినప్పుడు ఇవాళ చెయ్యి కాస్త ఆగుతుంది. అసలు మేలు ఆ ఆగడంలోనే ఉంది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ చెన్నై నుంచి ఉంది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2013లో ప్రచురించిన ప్రయోగం అది. మధుమేహం అంచున ఉన్న 537 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. అందరికీ మొదట్లో సలహాలు ఇచ్చారు. ఒక జట్టుకు మాత్రం ఆ తర్వాత తిండి గురించీ నడక గురించీ గుర్తుచేస్తూ మామూలు ఫోన్లకు చిన్న చిన్న సందేశాలు పంపుతూ వచ్చారు. రెండేళ్లకు చూస్తే, సందేశాలు అందని జట్టులో 27 శాతం మందికి మధుమేహం వచ్చింది. అందిన జట్టులో 18 శాతానికే వచ్చింది. ఖరీదైన గడియారం లేదు, స్మార్ట్‌ఫోన్ అవసరం కూడా లేదు. సమయానికి ఒక మాట గుర్తుచేయడం అంత పని చేసింది.

ఇప్పుడు యాప్‌లో కనబడే అంకెల దగ్గరకు వద్దాం. అవి ఎక్కడినుంచి వస్తాయి? ఈ కథలో మన హైదరాబాదుకు పెద్ద పాత్రే ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో ఒక చిన్న గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పరిశోధన, పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మన బియ్యంలో, పప్పుల్లో, ఆకుకూరల్లో ఏ పోషకం ఎంత ఉందో తేల్చిన పట్టికలు ఆ సంస్థవే. డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1971లో తెచ్చిన పుస్తకం మీద తరతరాల పోషకాహార విద్యార్థులు చదువుకున్నారు. 2017లో వచ్చిన కొత్త పట్టికల్లో దేశం నలుమూలల నుంచి నమూనాలు తెచ్చి పరీక్షించిన 528 ఆహార పదార్థాలున్నాయి. ఆ సంస్థే న్యూట్రిఫై ఇండియా నౌ అనే యాప్‌ను కూడా తయారుచేసింది. బెంగళూరులో 2012లో పుట్టిన హెల్తీఫైమీ వంటివి మన ఇడ్లీనీ ఉప్మానూ జాబితాలోకి ఎక్కించాయి. ఒకప్పుడు విదేశీ యాప్‌లలో పెసరట్టు కోసం వెతికి విసిగిపోయినవాళ్లకు ఇది ఎంత సౌకర్యమో తెలుసు.

అయితే ఒక సంగతి గమనించాలి. ఆ 528 పదార్థాల్లో దాదాపు అన్నీ వండనివే. బియ్యం, కందిపప్పు, వంకాయ, వేరుశనగ. ప్రయోగశాల గట్టిగా చెప్పగలిగేది వాటి గురించే. గుత్తి వంకాయ కూరలో ఎన్ని కేలరీలని యాప్ చెప్పినప్పుడు, అది ఎవరో ఒకరి వంటింట్లో ఒకసారి వండిన కూర లెక్క. మీ ఇంటి గుత్తి వంకాయలో నూనె తేలుతుందా, అంటీ అంటనట్టు ఉంటుందా అనేది దానికి తెలిసే దారి లేదు. ఫొటో తీస్తే పదార్థం పేరు చెప్పేసే యాప్‌లు కూడా ఉన్నాయి. కెమెరాకు దోసె కనబడుతుంది. పెనం మీద ఎన్ని చెంచాల నూనె తిప్పారో కనబడదు.

మన తిండిలో ఆ నూనే అన్నిటికంటే పెద్ద తేడా తెస్తుంది. 30 గ్రాముల కందిపప్పు ఎవరు వండినా సుమారు 100 కేలరీలే. దానిమీద పడే పోపు ఒక చెంచా అయితే 45 కేలరీలు, ఒక గరిటెడు అయితే పప్పునే దాటిపోతుంది. గ్రాము నూనెకు 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థానికీ మాంసకృత్తులకూ నాలుగేసి. ఈ చిన్న లెక్క గుర్తుంటే సగం యాప్ మీ తలలోనే ఉన్నట్టు.

రెండో పొరపాటు అన్నం దగ్గర జరుగుతుంది. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటాయి. ఆ బియ్యం ఉడికి, నీళ్లు పీల్చుకుని, రెండున్నర మూడు రెట్లు బరువెక్కుతుంది. కాబట్టి 100 గ్రాముల అన్నంలో సుమారు 130 కేలరీలే ఉంటాయి. 200 గ్రాముల అన్నం తిని, యాప్‌లో 200 గ్రాముల బియ్యం అని ఎక్కిస్తే, 260 దగ్గర ఉండాల్సింది 700 అయి కూర్చుంటుంది. అది చూసి భయపడి రాత్రి భోజనం మానేసి, మర్నాడు ఆకలికి తట్టుకోలేక రెండింతలు తినేవాళ్లున్నారు. వండిందా, వండనిదా అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే ఆ బాధ ఉండదు.

మరి సరైన లెక్క ఎలా దొరుకుతుంది? కంచం దగ్గర కాకుండా పొయ్యి దగ్గర. ఒక్క వారం రోజులు వంటింట్లో చిన్న కాటా పెట్టుకోండి. బియ్యం, పప్పు, కూరగాయలు, నూనె గిన్నెలో పడేముందు తూచి రాసుకోండి. మీ ఇంటి గరిటెలో ఎంత నూనె పడుతుందో, రోజూ తినే గిన్నెలో ఎంత అన్నం పడుతుందో ఒకసారి కొలవండి. మొత్తాన్ని తిన్నవాళ్ల సంఖ్యతో భాగిస్తే మీ ఇంటి కూరకు మీ ఇంటి లెక్క వస్తుంది. దాన్నే యాప్‌లో మీ సొంత వంటకంగా దాచుకోవచ్చు. ఆ వారం గడిచాక కాటా పైన పెట్టేయండి. మీ చేతికే కొలత తెలిసిపోతుంది.

కాటా లేకపోయినా ఒక మార్గముంది. మనవాళ్లకు గోడమీద తెలుగు క్యాలెండర్‌లో పాలు రాని రోజు గుర్తు పెట్టుకునే అలవాటు, గ్యాసు సిలిండరు మార్చిన తేదీ రాసుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. అక్కడే నూనె ప్యాకెట్టు విప్పిన తేదీ కూడా రాయండి. నలుగురున్న ఇంట్లో నెలకు అయిదు లీటర్ల నూనె అవుతోందనుకుందాం. బరువులో అది సుమారు 4,600 గ్రాములు. నలుగురితో, ముప్పై రోజులతో భాగిస్తే మనిషికి రోజుకు 38 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 కేలరీలు కావాల్సిన మనిషి పళ్లెంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే. అంటే నెలకు మూడున్నర లీటర్లు దాటకూడదు. బయట తిన్న బజ్జీలూ బిర్యానీలూ ఇందులో లేవు. ఈ లెక్క కోసం ఎవరూ ఎవరి కంచం వైపూ చూడనక్కర్లేదు. అయిదు లీటర్ల నూనెను నాలుగుకు తెస్తే ఇంట్లో అందరికీ ఒకేసారి మేలు జరుగుతుంది, అసలు యాప్ పేరే వినని నాన్నగారికి కూడా.

ఆ మార్గదర్శకాలే ఇంకో సంగతి చెబుతాయి. ఆ 2,000 కేలరీల పళ్లెంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, పళ్లు 100 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. మన పళ్లేలతో పోల్చి చూడండి. అన్నం కొండలా ఉంటుంది, కూర పక్కన నంజుకునేంతే ఉంటుంది. యాప్‌లు కేలరీల గీత మీదే దృష్టి నిలబెడతాయి కాబట్టి, చాలామంది అన్నీ కాస్త కాస్త తగ్గించుకుంటూ పోతారు. పప్పు, కూర పెంచి అన్నం తగ్గించడం వేరే పని. అది ఆకలిని కూడా తీరుస్తుంది. యాప్ తెరిచినప్పుడు కేలరీల అంకె కిందకి జరిగి, మాంసకృత్తులు ఎంత, పీచు ఎంత అనేది కూడా చూడండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఒకరు లెక్క మొదలుపెట్టగానే చాలాచోట్ల భారం వండేవాళ్ల నెత్తిన పడుతోంది. ఆయనకు పుల్కాలు, పిల్లలకు అన్నం, అత్తగారికి ఉప్పు తక్కువ కూర. తూకం వేసేది ఆమె, రెండు రకాలు వండేది ఆమె, తగ్గేది మరొకరు. అందరికీ పెట్టి చివర్న కూర్చునే ఆ ఇల్లాలు మిగిలింది తింటుంది. ఆ తిన్నది ఏ ఫోన్‌లోనూ నమోదు కాదు. ముందు చెప్పిన సర్వే అంకెలు గుర్తు తెచ్చుకోండి, మన రెండు రాష్ట్రాల్లో బరువు సమస్య ఆడవాళ్లకు తక్కువేం కాదు. కనుక లెక్క పెట్టుకునేవాళ్లు కూరలు తరగడానికీ కూర్చోవాలి, బియ్యం కొలవడానికీ లేవాలి. నలుగురూ ఒకే వంట తినేలా ఆ వంటనే మార్చుకోవాలి. ఇంట్లో ఒకరికి మంచిదైన పప్పు, ఆకుకూర, మజ్జిగ అందరికీ మంచివే. ఏ వయసువాళ్లకు ఎంత అనేదే తేడా.

ఇక నడక, వ్యాయామం సంగతి. రోజుకు 10,000 అడుగులు అనే మాట అందరి నోటా వినిపిస్తోంది. అది వైద్యులు తేల్చిన హద్దు కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మింది. దానికి పెట్టిన పేరులోంచి వచ్చిన అంకె అది. 2019లో అమెరికాలో 16,000 మందికి పైగా పెద్ద వయసు స్త్రీల మీద జరిగిన అధ్యయనం మనకు ధైర్యమిస్తుంది. వాళ్ల సగటు వయసు 72. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు ఎంతో తక్కువ. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ లాభం నిలకడకు వచ్చింది. కాబట్టి మీ అమ్మగారు 10,000 నడవలేకపోతున్నానని దిగులు పడుతుంటే, మూడు వేలు నాలుగున్నర వేలైనా చాలా పెద్ద లాభమేనని చెప్పండి. ఆమె ఫోను అలమార మీద ఉండగా ఆమె వంటింటికీ పెరటికీ తిరిగిన అడుగులు ఫోన్‌కు తెలియవని కూడా గుర్తుంచుకోండి.

చేతి గడియారం ఖర్చయిన కేలరీలు చూపించినప్పుడు మాత్రం జాగ్రత్త. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఏడు రకాల గడియారాలను పరీక్షించింది. గుండె వేగాన్ని అవి చాలావరకు బాగానే చెప్పాయి. ఖర్చయిన కేలరీల విషయంలో మాత్రం అన్నిటికంటే మంచిది కూడా సగటున 27 శాతం తప్పింది. కనుక గంట నడిచి, గడియారం 400 అంది కదా అని 400 కేలరీల మైసూరు బజ్జీలు తింటే ఆ లెక్క కలవదు. నడక కేలరీలను తిండి కేలరీలతో చెల్లు వేయకండి. ఆ రెండూ వేర్వేరు పద్దులు.

ఇంకొక పరిశోధన నన్ను చాలా ఆలోచింపజేసింది. పిట్స్‌బర్గ్‌లో 471 మంది యువతీయువకులతో జరిగింది, 2016లో వచ్చింది. అందరికీ ఒకే ఆహార సలహా, ఒకే ప్రోత్సాహం. తర్వాత సగం మందికి శరీరానికి తగిలించుకునే పరికరం ఇచ్చారు. మిగతావాళ్లు వ్యాయామం వివరాలు తామే నమోదు చేసుకున్నారు. రెండేళ్లకు పరికరం ఉన్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గితే, తామే నమోదు చేసుకున్నవాళ్లు 5.9 కిలోలు తగ్గారు. కారణం ఇదమిత్థమని ఆ అధ్యయనం తేల్చలేదు. నాకు తోచేది ఇది: గడియారం మన బదులు చూస్తోందనుకున్నప్పుడు మనం చూడటం తగ్గిస్తాం. రాయడంలో ఉన్న గుణం పరికరం కొనడంలో లేదు.

వ్యాయామం ఎంత ఉండాలంటే, వారానికి 150 నిమిషాల చురుకైన నడకలాంటి శ్రమ, రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత. అడుగుల మీటరు రెండోదాన్ని చూపదు. గుంజీలు తీయడం, గోడకు చేతులానించి దండాలు తీయడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేవడం, ఇవన్నీ ఇంట్లోనే చేయొచ్చు. వీటికి కూడా క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టండి.

ఇప్పుడు బరువు చూసుకునే కాటా గురించి. 400 ఏళ్ల కిందట ఇటలీలో సాంటోరియో అనే వైద్యుడు తక్కెడకు కుర్చీ కట్టించుకుని, దాదాపు 30 ఏళ్లపాటు తిన్నదీ తాగిందీ విసర్జించిందీ తూచుకున్నాడు. 1614లో పుస్తకం వేశాడు. లోపలికి వెళ్లిన బరువులో చాలా భాగం కంటికి కనబడకుండా చర్మం నుంచి, ఊపిరి నుంచి వెళ్లిపోతుందని ఆయన గమనించాడు. ఇవాళ మన కాటా మీద కనబడే ఎగుడుదిగుళ్లు చాలావరకు ఒంట్లోకి వచ్చిపోయే నీటివే. ఆవకాయ అన్నం తిన్న మర్నాడు ఉప్పు ఆ నీటిని పట్టి ఉంచుతుంది, కాటా కిలో ఎక్కువ చూపిస్తుంది. సంక్రాంతి మూడు రోజుల అరిసెలతో రెండు కిలోలు పెరిగినట్టు కనబడితే అదంతా కొవ్వు కాదు. కాబట్టి ఏ ఒక్క రోజు అంకెనూ నమ్మకండి. ఒకే వేళలో, పొద్దున్నే, చూసుకుని వారం సగటు తీయండి. ఈ వారం సగటునూ నెల కిందటి సగటునూ పోల్చండి.

రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే వారానికి అరకిలో తగ్గుతారని చాలా యాప్‌లు లెక్క వేసి, ఫలానా తేదీకి ఇంత బరువు అని చెప్పేస్తాయి. మొదట్లో అది నిజమయినట్టే ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది. తేలికైన శరీరానికి తక్కువ శక్తి చాలు గనుక అలా జరుగుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త ఈ మార్పును కూడా లెక్కలోకి తీసుకుని ఒక సూత్రం తయారుచేశారు. ఇలా నెమ్మదిస్తుందని తెలియక, మూడో నెలలో బరువు ఆగిపోగానే తమలోనే ఏదో లోపముందని నిరాశపడి మానేసేవాళ్లెందరో. ఆగిపోవడం శరీర ధర్మం. అప్పుడు మానకుండా ఉండటమే ముఖ్యం.

కాటాతోపాటు దర్జీ టేపు కూడా పెట్టుకోండి. మనవాళ్లకు కొవ్వు పొట్ట దగ్గర చేరే గుణం ఎక్కువ. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. ఎత్తు బరువులను బట్టి లెక్కగట్టే బీఎంఐ 25 దాకా మామూలేనని విదేశీ యాప్‌లు అంటాయి. మనలాంటి ఆసియావాళ్లకు 23 దగ్గరే హెచ్చరిక మొదలవుతుంది. ఇక ఎంత తగ్గాలి? 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో పెట్టుకున్న లక్ష్యం శరీర బరువులో 7 శాతమే, దానికి తోడు వారానికి 150 నిమిషాల శ్రమ. దానితోనే కొత్తగా మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతమంటే అయిదున్నర కిలోలు. పెళ్లినాటి బరువుకు తిరిగి రావాలని పట్టుబట్టనక్కర్లేదు.

ఈ లెక్కలు అందరికీ కాదు. ఎదిగే పిల్లల చేతికి కేలరీల యాప్ ఇవ్వకండి. వాళ్లకు అందరితో కలిసి కూర్చుని తినడం, ఆడుకోవడం చాలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు మాట మీదే నడవాలి. ఇన్సులిన్‌గానీ షుగరు మాత్రలుగానీ వాడేవాళ్లు తిండి ఉన్నట్టుండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు గురించి ముందు డాక్టరును అడగాలి. అంకె ఎర్రగా కనబడితే తిన్న ముద్ద అరగనంత బాధ కలుగుతున్నా, ఎవరితోనూ కలిసి తినలేకపోతున్నా, ఆ యాప్ తీసేయండి, ఆ బాధను ఎవరితోనైనా చెప్పుకోండి. మీ ఇంట్లో కాలేజీకి వెళ్లే అమ్మాయో అబ్బాయో అలా మారిపోతుంటే కోప్పడకుండా దగ్గర కూర్చోబెట్టుకుని, వైద్య సహాయం తీసుకోండి.

ఒంటి సంగతులు బయటికి పోతాయన్నది కూడా మరవొద్దు. మీ బరువు, మీ నెలసరి, మీరు రోజూ నడిచే దారి, ఇవన్నీ ఆ యాప్‌కు తెలుసు. 2018లో మైఫిట్‌నెస్‌పాల్ అనే పేరుపొందిన యాప్ నుంచి దాదాపు 15 కోట్ల మంది ఖాతాల వివరాలు బయటపడ్డాయి. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం ఉన్నా, మన జాగ్రత్త మనది. అడ్రసు పుస్తకం, లొకేషన్ వంటి అనుమతులు అవసరం లేకపోతే ఇవ్వకండి. బరువు తగ్గే పొడులు, మాత్రలు కొనమని యాప్ పోరుతుంటే, డాక్టరుకు చూపించకుండా ఒక్కటీ కొనకండి.

శ్రోతలారా, ఈ వారమే మొదలుపెట్టండి. యాప్‌లోనైనా, నోటుపుస్తకంలోనైనా, క్యాలెండర్‌లోనైనా ఏడు రోజులు తిన్నదంతా రాయండి. దేన్నీ తగ్గించొద్దు, ఊరికే చూడండి. రెండో వారం అందరూ కలిసి కూర్చుని ఆ చిట్టా చదవండి. వండేవాళ్లను మొదట మాట్లాడనివ్వండి. అప్పుడు ఒక్క మార్పు ఎంచుకోండి, నూనె లీటరు తగ్గించడమో, టీలో చక్కెర సగం చేయడమో, రాత్రి భోజనం తర్వాత ఇంటిల్లిపాదీ అరగంట నడవడమో. నెల తర్వాత దాన్ని అలాగే ఉంచి, రెండో మార్పు చేర్చండి. ఒకరు తగ్గాలని మొదలైన పని, ఇంట్లో అందరి నాడులనూ గుండెలనూ కాపాడే అలవాటుగా మారాలని నా కోరిక. అది మన చేతుల్లో ఉన్న పని, మన వంటింట్లోనే అయ్యే పని.